జాజ్ బిగినర్ క్లాసు: కాంబినేషన్ మొదలవగానే కాళ్లు కలవడం లేదు, ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేయాలి?

ఎడిసన్_అడుగులు
స్కూలు రోజుల్లో విజయవాడలో కూచిపూడి నేర్చుకున్నాను. పెళ్లి, ఉద్యోగం, న్యూజెర్సీ, ఇద్దరు పిల్లలు. గజ్జెలు అటకెక్కాయి. ఈమధ్య ఇంటికి దగ్గర్లో ఉన్న స్టూడియోలో పెద్దవాళ్లకి బిగినర్ జాజ్ క్లాసు పెడితే చేరాను. వార్మప్, స్ట్రెచింగ్ హాయిగా సాగిపోతాయి. ఆఖర్లో కాంబినేషన్, అంటే స్టెప్పులన్నీ వరసగా కలిపి పాటకి చేయడం, మొదలయ్యేసరికి టెన్షన్.

ఇప్పుడు నేర్పుతున్నది ఇది: కుడివైపు స్టెప్ టచ్, ఎడమవైపు స్టెప్ టచ్, కిక్ బాల్ చేంజ్ రెండు, జాజ్ స్క్వేర్, పా ద బూరే, పివట్. టీచర్ రెండుసార్లు చూపించి పాట పెట్టేస్తుంది. మొదటి రౌండు ఎలాగో లాక్కొస్తాను. పివట్ అయ్యాక వెనక గోడవైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాలి కదా, అప్పుడు అందరిదీ ఒక కాలు, నాది ఇంకో కాలు. పైగా పాదాలు రెండూ బయటికి తిరిగిపోతుంటాయి. నా పక్కనుంచి వెళ్లినప్పుడల్లా "ప్యారలల్" అని గుర్తుచేస్తుంది. మోకాళ్లు బయటికి వంచి నిలబడే అరమండి ఒంట్లో ఇంకిపోయింది మరి.

బిగినర్ అని పెట్టి ఇంత స్పీడెందుకు? ఇంట్లో రోజూ ఓ అరగంట తీరిక దొరుకుతుంది. అందులో ఏం చేయమంటారు? మానేయమని మాత్రం చెప్పొద్దు, వారమంతా ఆ క్లాసు కోసమే ఎదురుచూస్తాను.

గోంగూర_గుంటూరు
బిగినర్ అంటే జాజ్‌కి కొత్త అని వాళ్ల లెక్క, డాన్స్‌కే కొత్త అని కాదు. అసలు ఏమీ రానివాళ్లకి కొన్ని స్టూడియోల్లో "యాబ్సల్యూట్ బిగినర్" అని విడిగా ఉంటుంది. న్యూయార్క్‌లో నేను వెళ్లిన బిగినర్ క్లాసులో చిన్నప్పటినుంచీ బ్యాలే చేసినవాళ్లు బోలెడుమంది. అలాంటి క్లాసు ఉందేమో అడుగు.

ఎడిసన్_అడుగులు
అడిగాను. ఇక్కడ పెద్దవాళ్లకి ఉన్నది ఇదొక్కటే.

మణికొండ_మాస్టారు
మీ కాలు ఎక్కడ తప్పుతోందో మీరు రాసిన వరసలోనే కనిపిస్తోంది. స్టెప్పుల పేర్లు కాసేపు పక్కనపెట్టండి. ఒక్కో స్టెప్పులో ఒంటి బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి ఎన్నిసార్లు మారుతోందో చూడండి. సరిసంఖ్య అయితే మొదలుపెట్టిన కాలే మళ్లీ ఖాళీగా ఉంటుంది. బేసి అయితే రెండో కాలు ఖాళీ అవుతుంది.

స్టెప్ టచ్‌లో ఒక్కసారే. కుడికి అడుగేసి ఎడమపాదం పక్కన తాకిస్తారు, దానిమీద బరువు వేయరు. కాబట్టి ఎడమ ఖాళీ. అదే ఎడమవైపు చేశాక కుడి ఖాళీ.

కిక్ బాల్ చేంజ్ కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే. కుడికాలు ముందుకి తక్కువ ఎత్తులో విసరాలి, అది "వన్". అదే కాలు వెనక్కి తెచ్చి వేళ్ల మొదట్లో ఉండే మెత్త మీద క్షణం నిలబడాలి, అది "అండ్". ఎడమపాదం ఉన్నచోటే మళ్లీ వేయాలి, అది "టూ". "అండ్" దగ్గర చాలామంది పాదం ఊరికే తాకించి వదిలేస్తారు. కుడిమడమ నేలకి దిగకూడదు, కానీ ఆ క్షణంలో ఎడమపాదం నేల వదలాలి. అది వదిలిందంటే బరువు నిజంగా మారినట్టు. మొత్తం రెండు మార్పులు, కుడి మళ్లీ ఖాళీ, అందుకే వెంటనే రెండోది చేయగలుగుతున్నారు.

జాజ్ స్క్వేర్: కుడిపాదం ఎడమపాదానికి అడ్డంగా ముందుకి, ఎడమ వెనక్కి, కుడి పక్కకి, ఎడమ ముందుకి. నాలుగు. మళ్లీ కుడే ఖాళీ.

పా ద బూరే: కుడి వెనక, ఎడమ పక్కకి, కుడి ముందు. మూడు! మీ వరసలో కాలు మారిపోయేది ఇక్కడే. ఇప్పుడు ఖాళీగా ఉన్నది ఎడమ. ఎడమపాదం ముందుకి వేసి కుడిభుజం వైపుగా అరచుట్టు తిరిగి బరువు కుడికి ఇస్తే పివట్. రెండు మార్పులు, ఇంకా ఎడమే ఖాళీ. అంటే వెనక గోడవైపు తిరిగాక అంతా ఎడమకాలితో మొదలవ్వాలి. మీరు మళ్లీ కుడితో మొదలుపెడుతున్నారు.

ఇంట్లో ముందు పాట వద్దు, చేతులు వద్దు. నడుం మీద చేతులు పెట్టుకుని "కుడి, ఎడమ" అని పైకి అంటూ బరువు మార్చడం ఒక్కటే చేయండి.

బే_ఏరియా_బుజ్జి
వంటింట్లో నిలబడి చేసి చూశాను మాస్టారూ, రెండో రౌండు ఎడమతో దానంతటదే వచ్చేసింది! ఇన్ని క్లాసులకి వెళ్లాను, ఈ సరి బేసి సంగతి ఎవరూ చెప్పలేదు. గ్రేప్‌వైన్‌కీ ఇంతేనా?

మణికొండ_మాస్టారు
అంతే. పక్కకి, వెనక, పక్కకి, టచ్. మూడు మార్పులు, రెండో కాలు ఖాళీ. షాసే (అడుగు, కలుపు, అడుగు) కూడా మూడే.

స్వింగ్_శ్రీను
లెక్క కరెక్టే మాస్టారూ, నాకూ నచ్చింది. కానీ జాజ్‌ని లెక్కతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. ఈ డాన్స్ అద్దాల గదిలో పుట్టలేదు. ఆఫ్రికన్ అమెరికన్లు బ్యాండు వింటూ, ఒకళ్లని చూసి ఒకళ్లు పట్టుకున్న డాన్స్ ఇది. హార్లెమ్‌లో లెనాక్స్ ఎవెన్యూ మీద 1926లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే ఫ్లోర్ మీద ఆడిన చోటు అది, ఆ రోజుల్లో అమెరికాలో అది మామూలు సంగతి కాదు. లిండీ హాప్ అనే స్వింగ్ డాన్స్‌కి ప్రాణం పోసిన ఫ్రాంకీ మ్యానింగ్ అక్కడ ఆడే పెద్దవాడయ్యాడు. ఆయన పుట్టినరోజు మే 26ని ఇప్పటికీ ప్రపంచమంతా లిండీ హాప్ దినంగా చేసుకుంటున్నాం.

నేనైతే ముందు ఆ కాలపు చార్ల్‌స్టన్ డాన్స్ నేర్చుకోమంటాను. మోకాళ్లు వదులుగా, ఒళ్లు కాస్త ముందుకి, బరువు నేలవైపు. అది పట్టుబడితే కిక్ బాల్ చేంజ్ ఎవరూ నేర్పక్కర్లేదు.

మణికొండ_మాస్టారు
మూలం గురించి మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను శ్రీనుగారూ. మా దగ్గర చేరే పిల్లలకి సవాయ్ పేరు కూడా తెలియదు, అది నాకూ బాధే. కానీ ఆవిడ వెళ్తున్నది థియేటర్ జాజ్, అంటే స్టేజీ మీద చేసే జాజ్ క్లాసు. పా ద బూరే, షాసే, ప్లియే, పిరువెట్ ఇవన్నీ బ్యాలే నుంచి వచ్చి కలిసినవి. చార్ల్‌స్టన్ చేసినంత మాత్రాన అవి రావు. వచ్చే క్లాసులో ఆవిడ అందరితో పాటు వెనక్కి తిరగాలి, ఇప్పుడు కావలసింది అది.

స్వింగ్_శ్రీను
సరే, వచ్చే క్లాసుకి మీ లెక్క. కానీ అరగంటలో పది నిమిషాలు నాకివ్వండి. కౌంట్ బేసీ స్వింగ్ బ్యాండు పాట పెట్టుకుని, స్టెప్పులేమీ వేయకుండా, ఇల్లంతా తాళానికి నడవమనండి చాలు.

మృదంగం_మావయ్య
తాళం మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. మన పిల్లలు జాజ్ పాటకి చప్పట్లు కొడితే ఒకటో దెబ్బ మీద, మూడో దెబ్బ మీద కొడతారు. ఆ సంగీతంలో చప్పట్లు పడేది రెండు, నాలుగు మీద. ఎడిసన్ అమ్మాయ్, నువ్వు కూచిపూడి దానివి, సమం మీద కాలు గట్టిగా కొట్టడం నీకు అలవాటు. ఇక్కడ ఒకటిని మెత్తగా వదిలెయ్యి, రెండు మీద ఒళ్లు పలకాలి.

ఇక మాస్టారు చెప్పిన ఆ "అండ్" సంగతి. అది ఎప్పుడు పడాలో పాటని బట్టి మారుతుంది. స్వింగ్ పాట దాదాపు తిశ్ర గతిలో, అంటే దెబ్బకి మూడు భాగాలుగా ఊగుతుంది. "తకిట తకిట" అనుకో. మొదటి "త" మీద కిక్, "ట" మీద బాల్, తర్వాతి "త" మీద చేంజ్. అంటే బాల్ ఆలస్యంగా పడి, చేంజ్ వెంటనే వస్తుంది. అదే ఇప్పటి పాప్ పాటైతే చతురశ్రం, దెబ్బకి నాలుగు భాగాలు. "తకదిమి"లో సరిగ్గా "ది" మీద బాల్. రెండూ నోటితో అనుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి చేసి చూడు, ఒకే స్టెప్పు రెండు రకాలుగా వినిపిస్తుంది.

ఎడిసన్_అడుగులు
మావయ్యగారూ, ఇది చదివి ఒళ్లు పులకరించింది. మా టీచర్ "డోంట్ రష్ ద అండ్" అంటుంటే ఎంత ఆగాలో అర్థమయ్యేది కాదు. "ట" అనగానే ఎక్కడ పడాలో చెవికి తెలిసిపోయింది.

స్వింగ్_శ్రీను
మావయ్యగారికి మా స్వింగ్ నైట్‌లో ఒక కుర్చీ ఖాయం. మృదంగం కూడా తెచ్చుకోండి.

మృదంగం_మావయ్య
కుర్చీ ఎందుకోయ్, నిలబడే చప్పట్లు కొడతాను. రెండు, నాలుగు మీదే.

కొత్తపేట_కిరణ్
కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్లకి జాజ్ రావడం కష్టమని మా కాలేజీ టీమ్‌లో అందరూ అంటారు. ఒళ్లు బిగుసుకుని ఉంటుందట, మోకాళ్లు బయటికే పోతాయట. అది నిజమే కదా? ఏమీ రానివాడికే తొందరగా వస్తుంది.

నాట్య_సుధ
ఆ మాట నేను ఒప్పుకోను కిరణ్. ఇరవై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను, నా శిష్యురాళ్లు కొందరు తర్వాత జాజ్‌కి వెళ్లారు. వాళ్లకి మొదటి కొన్ని వారాలు పాదాల దగ్గర కష్టం. ఆ తర్వాత వాళ్లనే ముందు వరసలో నిలబెట్టారు. ఎందుకంటే ఒంట్లో ఒక భాగాన్ని కదిలించి మిగతాది కదలకుండా ఉంచడం వాళ్లకి ముందే వచ్చు. జాజ్‌లో ఐసొలేషన్ అంటారే, తల ఒక్కటే, భుజం ఒక్కటే, పక్కటెముకలు మాత్రమే. తల పక్కకి జరపడం అభినయ దర్పణంలోని సుందరి గ్రీవాభేదమే కదా. పద్మకి అది కొత్తగా నేర్పాలా?

ఇంకో సంగతి. థియేటర్ జాజ్ డాన్స్‌కి తండ్రి అని పేరున్న జాక్ కోల్, లా మేరీ అనే నర్తకి దగ్గర భరతనాట్యం నేర్చుకున్నాడు. 1930లలో ఆ కదలికల్ని స్వింగ్ సంగీతానికి కలిపి నైట్‌క్లబ్బుల్లో చేశాడు. మోకాళ్లు బాగా వంచి, పైభాగం నిటారుగా, తల, చేతులు విడివిడిగా చురుగ్గా కదలడం అతని పద్ధతిలో అణువణువునా ఉంది. తర్వాత హాలీవుడ్‌లో మార్లిన్ మన్రోకి డాన్సులు కట్టింది కూడా అతనే. కాబట్టి మన నాట్యం వచ్చినవాళ్లకి జాజ్ పరాయిది కాదు.

స్వింగ్_శ్రీను
సుధగారూ, జాక్ కోల్ సంగతి నిజమే. "తండ్రి" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. స్టేజీ జాజ్‌కి అతనో పద్ధతి ఏర్పరిచాడు, సరే. కానీ అతను కలిపిన స్వింగ్ అంతా హార్లెమ్ వాళ్లది. ఐసొలేషన్స్ గురించి చెప్పేటప్పుడు నర్తకి కాథరిన్ డన్హమ్ పేరు కూడా చెప్పాలి. ఆవిడ 1930లలో కరీబియన్ దీవులకి వెళ్లి అక్కడి నృత్యాల్ని అధ్యయనం చేసి, తన సొంత టెక్నిక్ తయారుచేసింది. ఈ పేర్లు వదిలేస్తే పిల్లలకి సగం చరిత్రే అందుతుంది.

నాట్య_సుధ
అంగీకరిస్తాను. మా క్లాసులో ఇకమీద ఇద్దరి పేర్లూ చెప్తాను.

కొత్తపేట_కిరణ్
జాక్ కోల్ భరతనాట్యం నేర్చుకున్నాడా! ఇది మా టీమ్ గ్రూపులో పెట్టేస్తున్నా.

బే_ఏరియా_బుజ్జి
సుధక్కా, పద్మ ఎవరు? 🙂

నాట్య_సుధ
మా పెద్ద శిష్యురాలు, అలవాటుగా వచ్చేసింది. ఎడిసన్ అమ్మాయికి పాదాల సంగతి చెప్పడం మరిచాను. ఇంట్లో టైల్స్ ఉంటే రెండు టైల్స్ మధ్య గీత పక్కన పాదం లోపలి అంచు ఆనించి నిలబడమ్మా. రెండో పాదానికీ ఇంకో గీత చూసుకో. అలాగే నిలబడి మోకాళ్లు వంచి లే. కళ్లు మూసుకుని ఒకసారి వంగి లేచి, కిందికి చూడు. పాదం గీత దాటితే నీకే తెలుస్తుంది. అమెరికన్ కొరియోగ్రాఫర్ బాబ్ ఫాసీ శైలిలో అయితే మోకాళ్లు ఇంకా లోపలికి తిప్పాలి, అది అరమండికి పూర్తి ఎదురు. అంతదూరం ఇప్పుడే వద్దు, సమానంగా ఉంచితే చాలు.

ఫిజియో_రమ
సుధగారు చెప్పినదానికి ఒక చేర్పు. వంగినప్పుడు మోకాలిచిప్ప రెండో వేలికి సూటిగా పైన ఉండాలి. పాదాలు గీత మీద పెట్టి మోకాళ్లు మాత్రం లోపలికి పడేస్తే ఆ భారమంతా మోకాలి లోపలివైపు పడుతుంది.

నేల గురించి కూడా చెప్పాలి, ఇలాంటివాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. కార్పెట్ మీద పివట్ తిరగొద్దు. పాదం అతుక్కుపోయి ఒళ్లు మాత్రం తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. యోగా మ్యాట్ మీద కూడా వద్దు. మేజోళ్లతో టైల్స్ మీద అయితే జారతారు. బరువు మార్చే ప్రాక్టీస్ వట్టి పాదాలతో చేయండి. తిరిగేవి మాత్రం జాజ్ షూస్ వేసుకుని చెక్క నేల మీదే. బాల్ మీద నిలబడే స్టెప్పులు పెరిగేకొద్దీ పిక్కలు పట్టేస్తాయి, గోడ పట్టుకుని మడమలెత్తి దించడం నెమ్మదిగా అలవాటు చేసుకోండి.

డల్లాస్_నాన్న
మా పాప కూడా జాజ్ క్లాసుకి వెళ్తోంది. కారులో వెయిట్ చేయడం మానేసి ఇప్పుడు ఇంట్లో తనతో పాటు నేనూ లెక్కపెడుతున్నాను, "ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్" అని మొదలుపెట్టేది నేనే. తనకి అది భలే ఇష్టం. షూస్ గురించి అడుగుదామని వచ్చాను. పాదం పెరుగుతుంది కదా అని ఒక సైజు పెద్దది కొనొచ్చా?

ఫిజియో_రమ
వద్దండీ. జాజ్ షూ పాదానికి అతుక్కుని ఉండాలి, వేళ్లు మాత్రం ముడుచుకోకూడదు. వదులుగా ఉంటే కొత్త పిల్లలు తిరిగేటప్పుడు మడమ పట్టు తప్పుతుంది. అట్ట మధ్యలో విడిగా ఉండే స్ప్లిట్ సోల్ తోలు షూస్ తీసుకోండి, పాదం వంపు తిరగడానికి వీలుగా ఉంటాయి.

వైజాగ్_వెన్నెల
ఇదంతా చదువుతుంటే నాకూ నేర్చుకోవాలని ఉంది. యాభై దాటాయి, ఎప్పుడూ డాన్స్ చేయలేదు. మా ఊళ్లో పెద్దవాళ్లకి జాజ్ నేర్పేవాళ్లెవరూ నాకు కనిపించలేదు. యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా? లేక వయసు దాటిపోయిందా?

గోంగూర_గుంటూరు
యూట్యూబ్ వద్దండీ. తప్పు చేస్తే చెప్పేవాళ్లుండరు. అలవాటైన తప్పు వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

బే_ఏరియా_బుజ్జి
టీచర్ లేని ఊళ్లో ఉన్నవాళ్లని యూట్యూబ్ వద్దంటే ఇక అసలు మొదలుపెట్టొద్దు అన్నట్టే కదా. వెన్నెలగారూ, టీచర్ వీపు కనిపించే వీడియోలు ఎంచుకోండి, అప్పుడు కుడి ఎడమల తికమక ఉండదు. ప్లేబ్యాక్ స్పీడ్ 0.75కి తగ్గించండి. మీ ఫోన్‌లో మీరు చేసింది తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మణికొండ_మాస్టారు
వెన్నెలగారూ, మీకు జాజ్ గురువు లుయీజీ గురించి చెప్పాలి. అసలు పేరు యూజీన్ లూయీ ఫచూటో, ఒహాయోలో పుట్టాడు. 1946లో కారు ప్రమాదం జరిగి ఒంట్లో ఒక పక్క చచ్చుబడింది. నడవడం కష్టమని డాక్టర్లు తేల్చేశారు. ఒళ్లు స్వాధీనంలోకి తెచ్చుకోవడానికి తనకోసం తానే వ్యాయామాలు తయారుచేసుకున్నాడు. తర్వాత హాలీవుడ్ సినిమాల్లో డాన్స్ చేశాడు. ఆ వ్యాయామాలే న్యూయార్క్‌లో వేలమందికి జాజ్ క్లాసయ్యాయి. 90 ఏళ్లు బతికి 2015లో పోయాడు.

ఆయన పద్ధతిలో ఒకటి మీకు ఇవాళే పనికొస్తుంది. నడుం ఎత్తున గాల్లో ఒక కడ్డీ ఉందనుకుని రెండు అరచేతులతో దాన్ని కిందికి నొక్కుతూ నిలబడండి. భుజాలు దిగుతాయి, పొట్ట పైకి లేస్తుంది, తూలడం తగ్గుతుంది. అలాగే నిలబడి స్టెప్ టచ్ చేయండి. రెండు వారాలు ఆ ఒక్క స్టెప్పే చేసినా నష్టం లేదు.

ఫిజియో_రమ
వెన్నెలగారూ, బీపీ, మోకాలినొప్పి ఏమైనా ఉంటే మీ డాక్టర్‌ని ఒక మాట అడగండి. లేకపోతే నిరభ్యంతరంగా మొదలుపెట్టండి. ఎగరడాలు, వేగంగా తిరగడాలు తర్వాత.

వైజాగ్_వెన్నెల
కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నిజంగా భుజాలు దిగాయి. రేపటినుంచి స్టెప్ టచ్.

ఎడిసన్_అడుగులు
క్లాసు నుంచి ఇప్పుడే వచ్చాను. పా ద బూరే తర్వాత ఎడమ అని మనసులో అనుకుంటూ చేశాను, వెనక గోడవైపు తిరిగాక అందరితో కలిశాను! పాట రెండుసార్లు తిరిగి వచ్చింది, రెండుసార్లూ కలిసింది. టీచర్ నన్ను రెండో వరసలోకి జరిపింది. పాదాలు ఇంకా పూర్తిగా దారికి రాలేదు, టైల్స్ మీద చేస్తున్నాను. మాస్టారూ, మావయ్యగారూ, సుధగారూ, మీ ముగ్గురికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. శ్రీనుగారూ, మీ పది నిమిషాల నడక పిల్లలతో కలిసి చేస్తున్నాం.

ఇవాళ కొత్తది కలిపింది. పివట్ తర్వాత పక్కకి మూడడుగుల్లో ఒక చుట్టు తిరిగి టచ్. తల తిరిగిపోతోంది. మన భ్రమరిలో తిరిగినట్టే కళ్లు ఒకచోట నిలపాలా?

నాట్య_సుధ
నిలపాలమ్మా. వెళ్తున్న వైపు గోడ మీద నీ కంటి ఎత్తులో ఏదో ఒకటి చూసుకో. ఒళ్లు తిరుగుతున్నా చూపు అక్కడే ఉంచి, ఇక ఉంచలేనప్పుడు తల ఒక్కటే చటుక్కున తిప్పి మళ్లీ అదే చోటు చూడు.

మణికొండ_మాస్టారు
ముందు తల లేకుండా కాళ్లు నడిపించండి: అడుగు, అడుగు, అడుగు, టచ్. మూడు మార్పులు. పివట్ తర్వాత ఖాళీగా ఉన్నది ఎడమ కాబట్టి ఎడమవైపే తిరుగుతారు, ఆగాక కుడి ఖాళీ. అంటే ఈసారి రెండో రౌండు మళ్లీ కుడితోనే మొదలు, జాగ్రత్త.

ఎడిసన్_అడుగులు
అవును, ఇవాళ అందరూ కుడితోనే మొదలుపెట్టారు! ఎందుకో ఇప్పుడు తెలిసింది.